చీతా, చేతక్‌ల తర్వాత ఎల్‌యూహెచ్: ఒక హెలికాప్టర్ సైన్యంలో చేరడానికి ఇంత కాలం ఎందుకు?

#1 గోదావరి గాలి

అందరికీ నమస్కారం. చాలా రోజులుగా మనసులో నలుగుతున్న విషయం, ఇవాళ అడిగేస్తున్నాను.

మా తమ్ముడు ఆర్మీలో ఉన్నాడు. సియాచిన్‌లో పోస్టు మీద మూడు నెలలు ఉండి, లేహ్ దిగాక తీరిగ్గా మాట్లాడిన మొదటి ఫోన్‌లో అమ్మ "ఏం తిన్నావురా అక్కడ" అని అడిగింది. వాడు తిండి మాట ఎత్తలేదు. "పొద్దున్నే చీతా చప్పుడు వినబడితే చాలమ్మా, ఆ రోజుకి ధైర్యం" అన్నాడు. ఆ మాట నన్ను వదల్లేదు.

అప్పట్నుంచి ఆ చీతా హెలికాప్టర్ గురించి, దాని స్థానంలో రావాల్సిన హెచ్‌ఏఎల్ (హిందుస్థాన్ ఏరోనాటిక్స్) లైట్ యుటిలిటీ హెలికాప్టర్, అంటే ఎల్‌యూహెచ్ గురించి దొరికిందల్లా చదువుతున్నాను. 2009లో కేంద్రం మంజూరు చేసింది. 2016 సెప్టెంబర్ 6న బెంగళూరులో మొదటిసారి ఎగిరింది. 2020 ఫిబ్రవరిలో వైమానిక దళం రకానికి తొలి అనుమతి, మరుసటి ఏడాది ఆర్మీ రకానికి. 2021 నవంబర్‌లో ముందుగా 12 కొనడానికి రక్షణ శాఖ సరేనంది. 2023 ఫిబ్రవరి 6న తుమకూరులో ఫ్యాక్టరీ తెరిచారు. మొత్తం అవసరం 187: ఆర్మీకి 126, వైమానిక దళానికి 61.

ఎగిరిన మిషన్, లేహ్‌లో పరీక్షలు నెగ్గిన మిషన్, ఫ్యాక్టరీ కూడా ఉన్న మిషన్. ఇది పోస్టు దాకా చేరడానికి అడ్డం పడుతున్నదేమిటి? సర్వీసులో పనిచేసినవాళ్లు ఉంటే దయచేసి చెప్పండి. రాజకీయాలు వద్దు, అసలు పని ఎలా జరుగుతుందో తెలుసుకోవాలని ఉంది.

#2 నిలదీసేవాణ్ణి

దీనికి పెద్ద చర్చ అక్కర్లేదండీ. బయట మంచి మిషన్లు ఉన్నాయి, కొనుక్కుంటే పోయేది. ఎయిర్‌బస్ ఏఎస్350 బీ3 2005లోనే ఎవరెస్ట్ శిఖరం మీద దిగింది. దాని తమ్ముళ్లే ఇప్పుడు హెచ్125 పేరుతో ప్రపంచమంతా తిరుగుతున్నాయి. మన కుర్రాళ్లు ఇంకా 1960ల నాటి డిజైన్ మీద ఎందుకు ఎగరాలి? నాకు కోపం వస్తోంది, దాచుకోను.

#3 టర్బైన్ చదువు

నిలదీసేవాణ్ణి గారూ, మీ కోపంలో న్యాయం ఉంది. కానీ కొనుక్కునే ప్రయత్నం జరగలేదని అనుకోకండి. 197 తేలికపాటి హెలికాప్టర్ల కోసం టెండరు పిలిచి 2007లో రద్దు చేశారు. అప్పుడు ముందున్నది ఫెనెక్, అంటే మీరు చెప్పిన ఏఎస్350 కుటుంబమే. మళ్లీ పిలిచారు, 2014లో అదీ రద్దయింది. తర్వాత 2015లో రష్యాతో కలిసి 200 కమోవ్ కేఏ-226టీలు తయారు చేద్దామని ఒప్పందం రాసుకున్నారు. ఇక్కడ ఎంత తయారు చేయాలి, ధరెంత అన్న దగ్గర అదీ ఆగిపోయింది.

అంటే మూడుసార్లు పెళ్లిచూపులయ్యాక మిగిలింది ఇంటి సంబంధమే. అయినా బయటి తలుపు పూర్తిగా మూయలేదు. 2025 ఆగస్టులో రక్షణ శాఖ నిఘా, తేలిక రవాణా పనులకు 200 హెలికాప్టర్ల గురించి కంపెనీల నుంచి వివరాలు కోరింది. 120 ఆర్మీకి, 80 వైమానిక దళానికి.

#4 పాత ఫిట్టర్

గోదావరి గాలి గారూ, నేను హెలికాప్టర్ల మీద ఇంజన్ ఫిట్టర్‌గా ఇరవై రెండేళ్లు చేశాను. ఎక్కువ భాగం చీతా, చేతక్ అనే పాత హెలికాప్టర్లే. ఇప్పుడు ఒంగోలు దగ్గర మా ఊళ్లో ఉంటున్నాను. ప్రశ్న సరిగ్గా అడిగారు కాబట్టి తీరిగ్గా రాస్తాను.

ముందు చీతా అంటే ఏమిటో చూడండి. ఫ్రాన్స్‌వాళ్ల లామా. దాన్ని లైసెన్సు మీద హెచ్‌ఏఎల్ ఇక్కడ తయారు చేసింది. ముందు గుండ్రటి గాజు బుడగ, వెనక తోక అంతా ఇనప గొట్టాల జాలీ. ఇంజన్ మీద మూత ఉండదు, ఆకాశానికి తెరిచే ఉంటుంది. మొదటిరోజు చూసినవాడు దీన్ని ఇంకా పూర్తిగా కట్టలేదేమో అనుకుంటాడు. మాకు మాత్రం అదే వరం. లేహ్‌లో తెల్లవారుజామున టార్చి పట్టుకుని చుట్టూ ఒక్క ప్రదక్షిణ చేస్తే నూనె కారిందా, గొట్టానికి పగులొచ్చిందా, నట్లు వదులవకుండా చుట్టే లాకింగ్ వైర్ తెగిందా అన్నీ కంటికే తెలుస్తాయి. విప్పే పనే లేదు.

లాకింగ్ వైర్ చుట్టాలంటే చేతి గ్లోవ్ తీయాలి. మందపాటి గ్లోవ్‌తో అంత సన్నని తీగ పట్టు దొరకదు. చలికి పట్టకారు చర్మానికి అతుక్కుంటుంది. ఒకరు రెండు నిమిషాలు చుట్టి చేతులు చంకలో పెట్టుకుంటే, రెండోవాడు అందుకునేవాడు. అలా చుట్టిన తీగ మీద నమ్మకంతో, మిషన్ ఎగరడానికి సిద్ధమని చెప్పే ఫారం 700 మీద సంతకం పెడతాం. ఆ సంతకం చూసే పైలట్ ఎక్కుతాడు.

కొత్త హెలికాప్టర్ రావడమంటే ఆ సంతకం పెట్టగలిగే మనిషి తయారవడం. ఆ తయారీకే ఎక్కువ కాలం పడుతుంది. మిగతాది రాత్రికి రాస్తాను, మనవరాలిని స్కూల్ నుంచి తేవాలి.

#5 మాధవరం ఆడపడుచు

పాత ఫిట్టర్ గారూ, చదువుతుంటే కళ్లు చెమర్చాయి. మాది పశ్చిమ గోదావరి మాధవరం. మిలిటరీ మాధవరం అంటారు కదా, ఇంటికొకరు ఫౌజులో ఉన్న ఊరు. మా పెద్దన్నయ్యకి పైన ఊపిరితిత్తుల్లో నీరు చేరింది. ఎత్తుకు వెళ్లినవాళ్లకి వచ్చే జబ్బట. దానికి అసలు వైద్యం కిందికి దించడమే అని డాక్టర్ చెప్పారు. చీతాలో వెనక సీటు తీసేసి పడుకోబెట్టి తెచ్చారని అన్నయ్య చెప్తాడు. కాళ్లు చాపుకునే చోటు లేదట. దారంతా పైలట్ వెనక్కి తిరిగి బొటనవేలు ఎత్తి చూపిస్తూ, బాగున్నావా అని సైగ చేస్తూనే ఉన్నాడట. ఆయన పేరు కూడా మాకు తెలియదు. ఏటా సంక్రాంతికి మా వదిన ఆయన పేరున ఒక దీపం పెడుతుంది.

నా ప్రశ్న ఒక్కటే. కొత్తదాంట్లో రోగిని పడుకోబెట్టి, పక్కన కూర్చోడానికి ఇంకొకరికి చోటుంటుందా?

#6 టర్బైన్ చదువు

అక్కా, ఉంటుంది. ఎల్‌యూహెచ్‌లో ఇద్దరు పైలట్లు కాక ఆరుగురు కూర్చోవచ్చు. స్ట్రెచర్ పెట్టినా పక్కన మనిషికి చోటు మిగులుతుంది. గరిష్ఠ బరువు 3,150 కిలోలు. చీతా మొత్తం బరువు 1,950 కిలోలే. రెండూ తేలిక తరగతే గానీ లోపలి చోటులో తేడా చాలా ఉంది.

నేను హైదరాబాద్‌లో ఏరోనాటికల్ చదువుతున్నాను. ఎత్తు సంగతి కొంచెం వివరంగా చెప్తాను, అసలు చిక్కంతా అందులోనే ఉంది.

హెలికాప్టర్ గాలిని కిందికి తోసి పైకి లేస్తుంది. తోయడానికి గాలి ఉండాలి కదా. 5,500 మీటర్ల ఎత్తులో గాలి సాంద్రత సముద్ర మట్టంలో ఉన్నదాంట్లో దాదాపు 57 శాతమే. బ్లేడుకి పట్టు తగ్గుతుంది, ఇంజన్‌కీ ఊపిరాడదు. దానికి తోడు వేడి. లెక్క ప్రకారం 5,000 మీటర్ల దగ్గర మైనస్ 17.5 డిగ్రీలు ఉండాలి. వేసవిలో లద్దాఖ్ అంత చల్లగా ఉండదు. వేడెక్కిన గాలి ఇంకా పలచన. అప్పుడు కొండ మీద ఉన్న హెలికాప్టర్‌కి తాను ఉన్నదానికంటే వెయ్యి మీటర్లకు పైగా ఎత్తున ఉన్నట్టే అనిపిస్తుంది. "హాట్ అండ్ హై" పరీక్షలంటే ఇవే.

2019 ఆగస్టులో ఎల్‌యూహెచ్ బెంగళూరు నుంచి లేహ్ దాకా మూడు రోజుల్లో ఎగిరి వెళ్లి ఈ పరీక్షలు చేసింది. మరుసటి ఏడాది లేహ్ నుంచి లేచి లద్దాఖ్ సరిహద్దులో 5,000 మీటర్ల ఎత్తున ఉన్న దౌలత్ బేగ్ ఓల్డీలో దిగింది. సియాచిన్‌లో అమర్, సోనమ్ హెలిప్యాడ్ల మీదా దిగింది. ఆ రోజు లేహ్‌లో ఉష్ణోగ్రత ప్రామాణిక లెక్క కంటే 32 డిగ్రీలు ఎక్కువ, అంటే దాదాపు 25 డిగ్రీలు. మనకి హాయిగా ఉండే వాతావరణం, హెలికాప్టర్‌కి మాత్రం గండం.

#7 నిలదీసేవాణ్ణి

తమ్ముడూ, బాగా చెప్పావు. కానీ ఒకటే ఇంజన్ పెట్టారు కదా, అది నాకు మింగుడు పడట్లేదు. హెచ్‌ఏఎల్‌దే ఇంకో హెలికాప్టర్ ధ్రువ్‌కి రెండున్నాయి. అంత ఎత్తున ఉన్న ఒక్క ఇంజనూ ఆగితే పైలట్ గతేమిటి?

#8 టర్బైన్ చదువు

అన్నా, నేనూ మొదట అలాగే అనుకున్నాను. మా సర్ ఒకరు లెక్క వేసి చూపించాక అభిప్రాయం మార్చుకున్నాను.

రెండో ఇంజన్ అంటే రెండో ఇంజన్ బరువు ఒక్కటే కాదు. దాని గేర్‌బాక్సు భాగం, గొట్టాలు, మంటలార్పే ఏర్పాటు, అదనంగా తాగే ఇంధనం అన్నీ మోయాలి. ఆ బరువంతా పోస్టుకి వెళ్లే సరుకులోంచి కోత పడుతుంది. పైగా ఆరు వేల మీటర్ల దగ్గర రెండింట్లో ఒకటి ఆగితే, మిగిలిన ఒక్కటి గాల్లో నిలబెట్టలేకపోవచ్చు. అప్పుడు రెండు ఉన్నందుకు దక్కే లాభం తగ్గిపోతుంది. తేలిగ్గా ఉంటూ, ఒకే ఇంజన్‌లో బోలెడంత శక్తి మిగిల్చి పెట్టుకోవడం ఇంకో దారి.

చీతా ఆర్టూస్ట్ ఇంజన్ చేసింది ఇదే. అసలు శక్తి 870 హార్స్‌పవర్. దాన్ని 550కి కట్టేశారు. కింద ఉన్నప్పుడు వాడుకోని శక్తిని పైకి వెళ్లాక వాడుకుంటుంది. అందుకే అంత పాత మిషన్ ఇప్పటికీ అక్కడికి వెళ్లగలుగుతోంది. ఎల్‌యూహెచ్‌లో ఉన్నది శక్తి-1యూ. ఫ్రాన్స్ సాఫ్రాన్‌వాళ్ల ఆర్డిడెన్ కుటుంబం. ధ్రువ్‌లో ఉన్న శక్తి కూడా ఆ కుటుంబమే. ఇంధనం ఎంత పోయాలో కంప్యూటర్ చూసుకుంటుంది, ఆ కంప్యూటర్‌కి రెండు చానళ్లు. ఒకటి తప్పితే రెండోది అందుకుంటుంది.

ఇంజన్ ఆగినా హెలికాప్టర్ రాయిలా పడిపోదు. కిందికి దిగుతుంటే వచ్చే గాలికే రెక్కలు తిరుగుతూ ఉంటాయి, దాన్నే ఆటోరొటేషన్ అంటారు. 1972 జూన్ 21న జాన్ బులే అనే ఫ్రెంచి పైలట్ లామాని 12,442 మీటర్లకి తీసుకెళ్లాడు. దిగేటప్పుడు ఇంజన్ ఆరిపోయింది, మళ్లీ వెలగలేదు. అంత ఎత్తు నుంచీ ఆటోరొటేషన్‌లోనే క్షేమంగా దింపాడు. అయితే అది చదునైన నేల మీద. సియాచిన్‌లో చుట్టూ మంచు పగుళ్లూ రాళ్లే కాబట్టి మీ భయం కొట్టిపారేసేది కాదు.

#9 వైజాగ్ అల

నేవీ కోణం కూడా చెప్తాను, ఇక్కడ లెక్క తిరగబడుతుంది.

మాది మల్కాపురం. నేవీ ఎయిర్ స్టేషన్ ఐఎన్‌ఎస్ డేగా నుంచి లేచే చేతక్‌ల చప్పుడు వింటూ పెరిగాను, నాన్నగారు నేవీలో చేశారు. ఓడ మీద డెక్ చిన్నది, అలకి ఊగుతుంది. కింద నీళ్లు తప్ప దిగడానికి ఇంకో చోటు లేదు. అందుకే నేవీ తన చేతక్‌ల స్థానంలో కోరుకున్న 111 యుటిలిటీ హెలికాప్టర్లకి రెండు ఇంజన్లు ఉండాల్సిందే అంది. రెక్కలు మడిచి హ్యాంగర్‌లో పెట్టుకోగలగాలి, చక్రాలుండాలి. ఉప్పుగాలికి తుప్పు పట్టకూడదు.

మరి కొండమీదివాళ్లకి బరువు శత్రువు, ఓడమీదివాళ్లకి నీళ్లు శత్రువు. "లైట్ యుటిలిటీ" అన్న ఒక్క పేరుతో ఇద్దరికీ ఒకే మిషన్ ఇస్తే ఎవరికీ సరిపోదు. ఆలస్యంలో కొంత భాగం ఈ కోరికల జాబితా కుదరడానికే పోతుందని నా అభిప్రాయం.

#10 హకీంపేట గేటు

మా ఇల్లు అల్వాల్ వైపు. పొద్దున్నే హకీంపేట హెలికాప్టర్ ట్రైనింగ్ స్కూల్ చేతక్‌లు పైనుంచి పోతుంటాయి. చేతక్ దేశంలోకి వచ్చి 60 ఏళ్లయిందని 2022 ఏప్రిల్ 2న ఆ హకీంపేటలోనే పెద్ద కార్యక్రమం చేశారు, రక్షణ మంత్రి వచ్చారు. 1962లో వచ్చిన డిజైన్ మీద ఇప్పటి పిల్లలు ఎగరడం నేర్చుకుంటున్నారు. ఆ మిషన్ మీద నాకెంతో గౌరవం. ఎన్ని వేలమందిని పైలట్లను చేసిందో. కానీ ఆ సంబరం జరిగిన రోజు నాకు ఒక పక్క బెంగగానే ఉంది.

ఇంకోటి చెప్పక తప్పదు. 2023 మార్చి 16న అరుణాచల్‌లో మండలా దగ్గర ఆర్మీ చీతా కూలి లెఫ్టినెంట్ కల్నల్ వి.వి.బి. రెడ్డి గారు, మేజర్ జయంత్ గారు చనిపోయారు. రెడ్డి గారిది మన యాదాద్రి జిల్లా బొమ్మలరామారం. కారణం మిషనే అని నేను అనను, ఆ కొండల్లో వాతావరణం క్షణంలో మారిపోతుంది. కానీ 2015లో ఆర్మీ పైలట్ల భార్యలు వెళ్లి రక్షణ మంత్రి పరీకర్ గారిని కలిసి ఈ పాత హెలికాప్టర్లు మార్చమని వేడుకున్నారు. వాళ్ల మాట పెడచెవిన పెట్టే హక్కు ఎవరికీ లేదు. కొత్త మిషన్ ఒక్కో ఏడాది వెనక్కి జరిగితే, ఆ ఏడాదంతా ఎవరో ఒకరు పాతదాంట్లోనే కూర్చోవాలి కదన్నా.

#11 డల్లాస్ తెలుగు

మంచి చర్చ. అమెరికా ఆర్మీ అనుభవం ఒకటి ఇక్కడ పనికొస్తుంది.

2006 జూన్‌లో అమెరికా ఆర్మీ తన లైట్ యుటిలిటీ హెలికాప్టర్‌గా యూరోకాప్టర్ ఈసీ145ని ఎంచుకుంది. యూహెచ్-72 లకోటా అని పేరు పెట్టింది. పాత హ్యూయీ, కయోవా హెలికాప్టర్ల స్థానంలో. ఆ డిసెంబర్‌కే మొదటిది చేతికొచ్చింది. ఆరు నెలలు! ఎలా సాధ్యమైందంటే, అది అప్పటికే ఆసుపత్రులకీ పోలీసులకీ ఎగురుతున్న సివిల్ మిషన్. సర్టిఫికెట్ ముందే ఉంది. పైగా దాన్ని యుద్ధానికి పంపబోమని ముందే చెప్పారు, దేశం లోపలి పనులకే.

అయినా చిక్కు తప్పలేదు. కాలిఫోర్నియా ఎడారిలో పరీక్షిస్తే లోపల విపరీతంగా వేడెక్కింది. ఏవియానిక్స్ (ఎలక్ట్రానిక్ పరికరాల) పెట్టెలు తట్టుకోలేవన్న భయం పట్టుకుంది. ఏసీ, గాలి కిటికీలు తర్వాత అమర్చాల్సి వచ్చింది. సివిల్‌లో ఏళ్లపాటు బ్రహ్మాండంగా ఎగిరిన మిషనే, సైన్యం తీసుకెళ్లిన చోట తడబడింది. ఆ తర్వాత అదే లకోటా అలబామాలో కొత్త పైలట్ల శిక్షణకి వెళ్లింది.

రెడీమేడ్‌గా కొన్నా పరీక్ష తప్పదని దీన్నిబట్టి నాకనిపిస్తుంది. కానీ మొదటి మిషన్ చేతికి రావడంలో మాత్రం వాళ్లు ఎక్కడో ఉన్నారు.

#12 పాత ఫిట్టర్

ఆలస్యమైంది, క్షమించండి. పోస్టులన్నీ చదివాను.

డల్లాస్ తెలుగు గారు చెప్పింది ముఖ్యమైన మాట. మిషన్ తయారు చేసినచోట బాగుంటుంది. వాడేచోట దాని స్వభావం బయటపడుతుంది. మేము చూసిన ఏ మిషన్ అయినా అంతే.

ఇప్పుడు అసలు సంగతి. మొదట ఎగిరిన రోజు నుంచి స్క్వాడ్రన్‌కి వచ్చే దాకా ఏం జరుగుతుంది? మూడు ప్రోటోటైపులు (నమూనా మిషన్లు) 2016, 2017, 2018ల్లో ఒకదాని తర్వాత ఒకటి ఎగిరాయి. నాగపూర్‌లో ఎండకి, లేహ్‌లో చలికి, చెన్నై, పుదుచ్చేరిల్లో సముద్ర మట్టంలో పరీక్షలు. బెంగళూరులో సెమిలాక్ అనే సంస్థ ఉంది, ఎగరడానికి యోగ్యమా కాదా అని కాగితం ఇచ్చేది వాళ్లే. వాళ్లకి ప్రతి నట్టుకీ లెక్క చూపాలి.

అందులో ఆటోపైలట్ దగ్గర చాలాకాలం పట్టింది. బయటివాళ్లకి అది చిన్న విషయంలా కనబడుతుంది. చీతాకి లేనిది దీనికెందుకు అని నన్ను చాలామంది అడిగారు. చీతా పైలట్ గంటసేపు స్టిక్ వదలడానికి లేదు. ఆక్సిజన్ పలచన, కాళ్లు బిగుసుకుపోయే చలి. మంచు ఎగిసి ముందంతా తెల్లగా అయిపోతే నేలేదో ఆకాశమేదో తెలియదు. ఆ క్షణాన మిషన్‌ని నిలకడగా పట్టుకునే రెండో చెయ్యి ఆటోపైలట్. కానీ ఆ చెయ్యి తప్పుగా లాగితే? కొండకి పదిహేను అడుగుల దూరంలో ఒక్క సెకను తప్పు లాగినా అంతే. అందుకే ఒక్కో లోపాన్నీ కావాలని కల్పించి, ఇలా పాడైతే ఏం చేస్తుంది, అలా పాడైతే ఏం చేస్తుంది అని చూస్తారు. తొందరపెట్టకూడని పని ఏదైనా ఉందంటే ఇదే. 2025 జనవరిలో పోర్‌బందర్‌లో కోస్ట్‌గార్డ్ ధ్రువ్ కూలాక దేశంలోని ధ్రువ్‌లన్నీ నెలల తరబడి నేల మీద ఉన్నాయి. ఒక్క భాగం మీద అనుమానం వస్తే మొత్తం సైన్యానికే చక్రం ఆగిపోతుంది. అప్పుడు పోస్టులకి సరుకు మోసిందెవరు? చీతాలు కూడా అందులో ఉన్నాయి.

ఇక మా వైపు. కొత్త మిషన్ వస్తోందంటే ముందు మనుషులు కోర్సుకి వెళ్లాలి. ఇందాక చెప్పానే, చీతాలో అన్నీ కంటికి కనబడతాయని. ఎల్‌యూహెచ్ తోక మూసి ఉంటుంది, ఇంజన్ మీద మూతలుంటాయి. కాక్‌పిట్‌లో గుండ్రటి మీటర్లకి బదులు తెరలు. ఇరవై ఏళ్లు చెవితో ఇంజన్ చప్పుడు విని జబ్బు చెప్పినవాడు ఇప్పుడు ఇంజన్ కంప్యూటర్ చెప్పే కోడ్ చదవాలి. చదవడం కష్టం కాదు. నమ్మడం కష్టం. దానికి రెండు చలికాలాలు పడుతుంది అని నా లెక్క.

తర్వాత విడిభాగాలు. ఒకసారి నా కళ్లముందు ఒక చేతక్ చిన్న సీల్ కోసం యాభై రోజుల పైన హ్యాంగర్‌లో కూర్చుంది. అరచేతిలో పట్టే వస్తువు. ఒక డిపో నుంచి ఇంకో డిపోకి కాగితాలు తిరుగుతూనే ఉన్నాయి. అంతలో మిగతా మిషన్ల మీద భారం పడింది, వాటి గంటలు తొందరగా అయిపోయాయి, అవీ సర్వీసింగ్‌కి వచ్చేశాయి. కొత్త హెలికాప్టర్ రోడ్డు చివరి బేస్‌కి రాకముందే రెండేళ్ల విడిభాగాలు అక్కడి అలమరాల్లో ఉండాలి. ఈ విషయం ప్రారంభోత్సవాల్లో ఎవరూ మాట్లాడరు. నాకు బాధ కలిగించేది అదే.

#13 నిలదీసేవాణ్ణి

పాత ఫిట్టర్ గారూ, మీకు నమస్కారం. నా మొదటి పోస్టులో తొందరపడ్డాను. ఆటోపైలట్ దగ్గర తొందరపడొద్దన్న మాట ఒప్పుకుంటున్నాను.

ఒక మాట మీద మాత్రం వెనక్కి తగ్గను. 2007లో టెండరు రద్దు చేసినవాళ్లకి, 2014లో రద్దు చేసినవాళ్లకి పరీక్షల తొందర లేదు. అవి కాగితాల మీద పోయిన ఏళ్లు. పరీక్షకి పట్టే కాలం వేరు, నిర్ణయానికి పట్టే కాలం వేరు. మొదటిదాన్ని గౌరవిస్తాను. రెండోదానికి ఎవరో ఒకరు జవాబు చెప్పాలి.

#14 పాత ఫిట్టర్

ఇది నూటికి నూరుపాళ్లు నిజం. సర్వీసులో ఉన్నప్పుడు మేమూ ఇదే అనుకునేవాళ్లం, పైకి అనలేకపోయేవాళ్లం.

#15 వైజాగ్ అల

తుమకూరు గురించి ఎవరూ రాయలేదు. 615 ఎకరాలు, 2016 జనవరిలో శంకుస్థాపన. ఏడాదికి 30 హెలికాప్టర్లతో మొదలుపెట్టి 60కి, తర్వాత 90కి పెంచుతామన్నారు. ఏడాదికి 30 అనే అంకె మీదే లెక్కేసినా 187 పూర్తవడానికి ఆరేళ్లు దాటుతుంది. అంటే ఇవాళ గేటు తెరుచుకున్నా చీతాలు, చేతక్‌లు ఇంకో దశాబ్దం దాకా పక్కపక్కనే ఎగురుతుంటాయి. వాటి విడిభాగాల్ని మరిచిపోకూడదు. చాలామంది కొత్తది రాగానే పాతది వెళ్లిపోతుందనుకుంటారు.

మొన్న 2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగి విజయవాడ మునిగినప్పుడు హెలికాప్టర్లు మేడల మీదికి ఆహార పొట్లాలు దించడం మనమంతా చూశాం. యుద్ధం లేని రోజున కూడా ఇవి ఖాళీగా ఉండవు.

#16 మాధవరం ఆడపడుచు

పాత ఫిట్టర్ గారూ, ఒక మాట అడుగుతాను. సంతకం పెట్టాక మిషన్ లేచి వెళ్లిపోతుంది కదా. తిరిగొచ్చే దాకా మీరేం చేసేవారు?

#17 పాత ఫిట్టర్

అమ్మా, ఈ ప్రశ్న నన్ను ఇంతవరకు ఎవరూ అడగలేదు.

ముందు టూల్ బాక్సు లెక్క చూసుకునేవాణ్ణి. ప్రతి పనిముట్టుకీ దాని ఆకారంలో గుంట ఉంటుంది, ఒక్కటి ఖాళీగా కనబడినా మిషన్ని వెనక్కి పిలవాల్సిందే. రెండుసార్లు లెక్కబెట్టేవాణ్ణి, ఎగిరేముందు ఒకసారి, ఎగిరాక ఇంకోసారి. తర్వాత టీ. తాగేవాణ్ణి కాదు, గ్లాసు పట్టుకుని కూర్చునేవాణ్ణి. చీతాకి లోయలోంచి వచ్చే చప్పుడు ముందు చెవికి తగలదు, ఛాతీకి తగులుతుంది. అది తెలిశాక టీ తాగేవాణ్ణి. అప్పటికి చల్లారిపోయి ఉండేది.

#18 గోదావరి గాలి

అందరికీ చేతులెత్తి మొక్కుతున్నాను. ఈ పోస్టులన్నీ ప్రింటు తీసి నిన్న తమ్ముడికి ఫోన్‌లో చదివి వినిపించాను. వాడు ఇప్పుడు పఠాన్‌కోట్‌లో ఉన్నాడు. ఎంతోసేపు ఏమీ మాట్లాడలేదు. టీ గ్లాసు దగ్గర మాత్రం "ఆ సర్‌కి నా జైహింద్ చెప్పు" అన్నాడు.

తర్వాత ఒక్కటే అడిగాడు. కొండ మీది పోస్టుకి చీతా ఒక ట్రిప్పులో ఒక్క జెర్రీక్యాన్ కిరోసిన్ తెచ్చేది, అదీ ఇంజన్ ఆపకుండా, అర నిమిషంలో దించేసి వెళ్లిపోవాలి. ఆ ఒక్క క్యాన్‌తోనే మంచు కరిగించి నీళ్లు కాచుకోవాలి, గుడారం వెచ్చగా ఉంచుకోవాలి. "కొత్తది ఎన్ని తెస్తుందట?" అని.

టర్బైన్ చదువు తమ్ముడూ, నీకు తెలిస్తే చెప్పు. వాడికి రాయాలి.

#19 టర్బైన్ చదువు

అక్కా, ఆ రోజు ఎంత వేడి, ఎంత ఇంధనం, ఎంత గాలి అన్నదాన్ని బట్టి మారుతుంది కాబట్టి ఒక్క అంకె చెప్పి ఆశ పెట్టను. ఒకటి మాత్రం ఖాయంగా రాయండి. 2020లో అది సోనమ్ మీద దిగింది ఊరికే చూపించడానికి కాదు. పైకి బరువు ఎంత మోయగలదో చూడటం కూడా ఆ పరీక్షలో భాగమే. మీ తమ్ముడు అడిగిన లెక్క, ఆ మిషన్ కట్టినవాళ్లూ వేసుకున్నారు.

#20 పాత ఫిట్టర్

గోదావరి గాలి గారూ, తమ్ముడికి నా జైహింద్ కూడా చెప్పండి. ఏ పోస్టులో ఉన్నాడో ఇక్కడ రాయొద్దు. ఏ సంవత్సరమో మాత్రం విడిగా నాకు మెసేజ్ పెట్టండి. ఆ క్యాన్లు కట్టిన తాళ్ళలో కొన్ని నేను ముడి వేసినవే అయ్యుండొచ్చు.